మగపూలు లేని కీర పాదు

పోయినేడు నేను పక్కన పడేసిన ఒక్క విత్తనం గురించి ముందు చెప్పాలి.

హైబ్రిడ్ కీర దోస ప్యాకెట్ విప్పితే పదకొండు విత్తనాలు వచ్చాయి. పదింటికి గులాబీ రంగు మందు పూసి ఉంది. ఒకటి మాత్రం ఆకుపచ్చగా ఉంది. ప్యాకింగ్‌లో ఎక్కడిదో కలిసిపోయి ఉంటుందిలే అనుకుని కిటికీ గట్టు మీద పెట్టాను. మా ఇంట్లో కిటికీ గట్టు మీద పెట్టిన వస్తువు మళ్లీ కనపడదు. అదీ కనపడలేదు.

గులాబీ పదిలో తొమ్మిది మొలిచాయి. వేడి రోజులు కాబట్టి నాలుగో రోజుకే మట్టి పగిలింది. కీరకి మట్టిలో 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే హాయి. 15 కంటే తగ్గితే విత్తనం మొలవకుండా కుళ్లిపోతుంది. ఒక్కో ఇరవై లీటర్ల కుండీకి ఒక్కో పాదు చొప్పున బలమైనవి నాలుగు ఉంచుకున్నాను. నెల తిరిగేసరికి తీగలు పందిరెక్కాయి, కణుపు కణుపుకీ పిందె పూలే. కీరలో ఆడపువ్వుని గుర్తుపట్టడం చాలా తేలిక. విచ్చుకోకముందే రేకుల వెనక వేలిగోరంత కాయ, నూగుతో సహా, బొమ్మ కాయలా ఉంటుంది. నేను లెక్కపెట్టాను కూడా. ఒక్క తీగకే పంతొమ్మిది. ఫొటోలు తీసి బంధువులందరికీ పంపాను. నా గొప్ప అక్కడితో ఆగితే బాగుండేది.

వారం తిరక్కుండా పిందెలు చివర్నుంచి పసుపెక్కి, ముడుచుకుని, ముట్టుకుంటే రాలిపోవడం మొదలైంది. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను. తక్కువయ్యాయేమోనని పెంచాను. పొటాష్ అన్నారు, అది వేశాను. ఇంకెవరో బోరాన్ అన్నారు, అదీ పిచికారీ చేశాను. పందొమ్మిదింటిలో ఒక్కటీ బొటనవేలు దాటలేదు.

అప్పుడు అమ్మ వచ్చింది. పందిరి కింద పీట వేసుకుని కూర్చుని, ఆకులు ఎత్తి ఎత్తి చూసి, "పోతుపూలేవిరా?" అంది.

"అన్నీ ఆడపూలేనమ్మా. అందుకే ఇది మంచి రకం."

"అన్నీ ఆడపెళ్లివాళ్లే వస్తే పెళ్లెలా అవుతుందిరా?"

ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అంతా రాసే ఉంది. మామూలు కీర పాదుకి మగపూలు, ఆడపూలు రెండూ వస్తాయి. ముందు మగపూలు గుత్తులుగా పూసి రాలిపోతుంటాయి, ఆ తర్వాత వారం పది రోజులకి ఆడపూలు మొదలవుతాయి. కొన్ని హైబ్రిడ్లలో దాదాపు అన్నీ ఆడపూలే వచ్చేలా చేశారు. పూసిన ప్రతి పువ్వూ కాయ కావచ్చు కాబట్టి కాపు త్వరగా, ఎక్కువగా వస్తుంది. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఒక కొరియా రకంలోని ఈ ఆడగుణాన్ని తీసుకుని 1960ల మొదట్లో ఇలాంటి హైబ్రిడ్లు తెచ్చారు. అయితే పుప్పొడి ఇచ్చేవాడు ఎవడో ఒకడు ఉండాలిగా. అందుకని అలాంటి ప్యాకెట్లలో నూటికి పది పదిహేను చొప్పున మగపూలు పూసే మామూలు రకం విత్తనాలు కలుపుతారు. గుర్తు తెలియడానికి ఒక్కోసారి వాటికి వేరే రంగు వేస్తారు. అంటే నేను కిటికీ గట్టు మీద కూర్చోబెట్టినవాడే పెళ్లికొడుకు.

(ఇక్కడ నాకొక డౌటు వచ్చింది. అన్నీ ఆడపూలే పూసే రకానికి విత్తనం ఎలా కడతారు? ఆ తల్లి మొక్కల మీద వెండి లవణాల ద్రావణం చల్లుతారట. మొక్కలో ఆడపూలని పుట్టించేది ఇథిలీన్. అరటి గెల పండేటప్పుడు వచ్చే వాయువు కూడా అదే. వెండి దాని పనిని అడ్డుకుంటుంది, దాంతో ఆ మొక్కే కొన్నాళ్లు మగపూలు పూస్తుంది. ఇది చదివిన రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.)

ఈ ఏడు అలా కాకూడదని ముందే కూర్చుని ప్లాన్ వేశాను. కొత్త హైబ్రిడ్ ప్యాకెట్ ఒకటి తెచ్చి నాలుగు కుండీల్లో వేశాను. ఐదో కుండీలో, మగపూల కోసమే, మామూలు కీర. బొమ్మలేసుకునే సన్న కుంచె ఒకటి సిద్ధం చేసుకున్నాను. ప్యాకెట్ మీది చిన్న అక్షరాలు చదివానా? తెగుళ్ల గురించి రాసింది చదివాను. మిగతాది నాకు తెలుసులే అనుకున్నాను.

మొలకలు వచ్చాక ఒక పని చేశాను, అది మాత్రం బాగా పనికొచ్చింది. మొదట విచ్చుకునే జంట ఆకుల్లోంచి గోరంత ముక్క గిల్లి నోట్లో వేసుకుని చూశాను. కీర రకాలు తయారుచేసేవాళ్లు చేసే పరీక్షే ఇది. కుకుర్బిటాసిన్ అనే పదార్థం వల్ల కీరకి చేదు వస్తుంది. కొన్ని రకాల్లో అది ఆకుల్లోనే తయారు కాదు, ఇక కాయకి చేదు ఎక్కణ్ణుంచి వస్తుంది? మామూలు కీర మొలక నాలుక మీద పెట్టగానే ఉమ్మేశాను. హైబ్రిడ్‌ది గడ్డి నమిలినట్టు చప్పగా ఉంది. తర్వాత నడి ఎండల్లో రెండు రోజులు నేను ఇంట్లో లేనప్పుడు కుండీలన్నీ ఎండిపోయాయి. ఆ వారం కోసిన మామూలు కీరలు తొడిమ వైపు నోట పెట్టలేనంత చేదు. హైబ్రిడ్ కాయల్లో ఆ ఊసే లేదు. మొక్క దాహంతో, వేడితో ఇబ్బంది పడితే చేదు పెరుగుతుంది. అది తొడిమ దగ్గరా, తొక్క కిందా ఎక్కువగా చేరుతుంది. చేదు లేని ఆకుల్ని, వాటి రసం పీల్చే ఎర్రనల్లి పురుగు ఇంకాస్త ఇష్టపడుతుందని చదివాను. మనకి రుచిగా ఉంటే దానికీ రుచేగా.

పూలు మొదలయ్యాయి. రోజూ ఆరున్నరకి లేచి కుంచె పట్టుకుని బయల్దేరేవాణ్ణి. కీర పువ్వు బతుకు ఒక్క రోజే. పొద్దున విచ్చుకుంటుంది, ఆ పూటే పుప్పొడి అందాలి. మామూలు పాదు మగపువ్వులో కుంచె కొసని గుండ్రంగా తిప్పితే పసుపు పొడి అంటుకుంటుంది. దాన్ని ఆడపువ్వు మధ్య ఉన్న మూడు పాయల బొడిపె మీద, మూడు పాయలకీ అందేలా, మెల్లగా రాయాలి. ఒక్క పాయకే అందితే కాయ ఆ పక్కనే పెరిగి వంకర తిరుగుతుంది. తేనెటీగ అయితే ఒక పువ్వు మీద పదిసార్లు వాలి ఈ పని చేస్తుంది. నేను ఒక్కసారిలో చేసేస్తున్నానని నాకు ఎంత గర్వమో. రాసిన ప్రతి పువ్వుకీ గుర్తుగా ఎర్ర దారం ముక్క కట్టాను.

కాయలు దిగాయి. ఎర్ర దారం కట్టినవన్నీ తొడిమ వైపు సన్నగా, పువ్వు వైపు ఉబ్బి, గదల్లా తయారయ్యాయి. ఒక్కటీ తిన్నగా లేదు. పైగా కోస్తే లోపల గట్టి విత్తనాలు.

పుప్పొడి చాల్లేదేమో! ఒక్కో పువ్వుకి రెండు మగపూలు వాడాను. గదలు ఇంకా పెద్దవయ్యాయి.

పది రోజుల తర్వాత పందిరి పైన తీగ సర్దుదామని స్టూలెక్కాను. పైన, ఆకుల మధ్య, కింద నుంచి నా చెయ్యి అందని చోట, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, నిగనిగలాడుతూ ఆరు కాయలు వేలాడుతున్నాయి. ఒక్కదానికీ ఎర్ర దారం లేదు. స్టూలు మీదే నిలబడి కాసేపు వాటిని చూశాను. దిగి వెళ్లి ప్యాకెట్ వెతికాను. "పార్థినోకార్పిక్" అని రాసి ఉంది.

అంటే పుప్పొడి తగలకుండానే కాయ కట్టే రకం. దీనికి మగపువ్వు అక్కర్లేదు, తేనెటీగ అక్కర్లేదు, కుంచె పట్టుకున్న నేనసలే అక్కర్లేదు. పుప్పొడి తగిలితేనే చిక్కు. లోపల గింజలు పడతాయి. పువ్వు కొస దగ్గర గింజ ముందుగా, ఎక్కువగా పడుతుంది. గింజ ఉన్న చోటికి పెరుగుదల లాక్కుంటుంది, ఆ కొస ఉబ్బుతుంది. వెనకటికి ఇంగ్లండ్ గ్లాస్‌హౌస్‌లలో కీర పెంచేవాళ్లు ఈ గొడవ లేకుండా మగపూలని రోజూ తుంచేసేవారు. నేను మగపూల కోసం ప్రత్యేకంగా ఒక పాదు పెంచి, పుప్పొడి మోసుకెళ్లి మరీ అంటించాను. పోయినేడు పెళ్లికొడుకు లేకుండా పెళ్లి చేశాను. ఈ ఏడు పెళ్లొద్దన్న పిల్లకి బలవంతంగా తాళి కట్టించాను.

అమ్మకి చెబితే నవ్వలేదు. "గింజే లేకపోతే వచ్చే ఏడు ఏం వేస్తావురా?" అంది.

మామూలు పాదు పీకేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. కర్రతో సహా ఆ కుండీని ఇంటికి అవతలి పక్కకి జరిపాను. తేనెటీగకి అదేం దూరం కాదు కాబట్టి అప్పుడప్పుడూ ఒక గద పడుతూనే ఉంది. కుంచె మాత్రం పెన్నుల డబ్బాలోకి పోయింది. ఆరున్నరకి లేచే అలవాటు పోలేదు, ఊరికే వెళ్లి నిలబడేవాణ్ణి. అలా నిలబడ్డప్పుడే నులితీగల్ని సరిగ్గా చూశాను. ముందు గాలిలో తిన్నగా చాపి వెతుక్కుంటుంది. తాడు దొరికితే కొసని చుట్టేస్తుంది. తర్వాత మధ్య భాగం స్ప్రింగులా మెలిక పడుతుంది. రెండు కొసలూ కట్టేసి ఉన్నాయి కాబట్టి ఒకే వైపు మెలి తిరగడం కుదరదు. సగం దాకా ఇటు, మధ్యలో ఒక చిన్న తిన్నని ముక్క, మిగతా సగం అటు. మా ఇంటి తీగలన్నిట్లోనూ అంతే. చేత్తో లాగి చూడండి, ముదిరిన నులితీగ విప్పుకోకపోగా ఇంకో మెలిక ఎక్కువ వేస్తుంది.

ఇక మిగతా సేవ క్లుప్తంగా చెబుతాను. కీర వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి కుండీలో తడి ఆరనివ్వకూడదు. ఎండు ఆకులు పరిచాక నాకు సగం పని తగ్గింది. అడుగు నుంచి ఐదారు కణుపుల దాకా పిందెలు, పక్క కొమ్మలు తీసేస్తే తీగ ముందు బలపడుతుంది. పిందెలు గిల్లుతుంటే అమ్మ అటు తిరిగి నిలబడింది. తెగుళ్ల విషయంలో ప్యాకెట్ మీద "ఐఆర్" అని ఉంటే మధ్యస్థంగా తట్టుకుంటుందని అర్థం, అసలు రాదని కాదు. వానలు పట్టగానే బూజు తెగులు వచ్చింది. ఆకు పైన ఈనెల మధ్య కోసినట్టు పసుపు గళ్లు, కింద బూడిద రంగు నూగు. కింది ఆకులు తీసేశాను, నీళ్లు పొద్దున పూట, ఆకులు తడవకుండా పాదు మొదట్లోనే పోశాను. పాదులు పోలేదు, కాపు తగ్గింది.

అన్నిటికంటే నన్ను ఉరుకులు పెట్టించింది కోత. పువ్వు వాడిన వారం పది రోజులకే కాయ కోతకొస్తుంది. సాయంత్రం "రేపు చూద్దాంలే" అనుకున్నది పొద్దున్నకి ముదురు. మొత్తం నాలుగు పాదులకి యాభై ఎనిమిది కాయలు, వాటిలో పదహారు గదలు. మామూలు పాదు మీద కాయని ముదరనిస్తే తీగ ఇక పని అయిపోయిందనుకుని కొత్త పిందెలు తగ్గించేస్తుంది. అమ్మకి నేనిది రెండుసార్లు చెప్పాను.

చెప్పినా వినలేదని సీజన్ చివర్లో తెలిసింది. హైబ్రిడ్ పాదు అడుగున, ఆకుల చాటున, ఎర్ర దారంతో ఒక గద మిగిలి ఉంది. పసుపు దాటి గోధుమ రంగులోకి తిరిగింది. నేను కోయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది విత్తనానికి వదిలాన్రా."

హైబ్రిడ్ గింజ వేస్తే అదే రకం రాదమ్మా, తల్లే రెండు రకాల కలయిక, దానికి నేను మూడోదాని పుప్పొడి అంటించాను, పిల్లలు ఒక్కోటీ ఒక్కోలా పుడతాయి అని చెప్పాను. "మీరు మాత్రం ఒక్కలాగే పుట్టారా?" అంది. ఆ కాయని చీల్చి, గుజ్జుతో సహా గింజల్ని గిన్నెలో రెండు రోజులు పులియబెట్టి, తేలినవి పారబోసి, మునిగినవి కడిగి ఆరబెట్టింది. ఇరవై మూడు నిలిచాయి. ఆరబెట్టింది ఎక్కడో తెలుసా? కిటికీ గట్టు మీద. ఈసారి నేను రోజూ వెళ్లి లెక్కపెట్టాను.

పోయిన గురువారం వాటిలో ఎనిమిది కుండీల్లో వేశాం. ఇవాళ్టికి ఆరు మొలిచాయి. జంట ఆకుల్లోంచి గోరంత గోరంత గిల్లి కొరికి చూశాను. ఆరూ చేదే.