ఇన్‌స్ట్రక్షనల్ టెక్నాలజీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు: ట్రాన్స్‌క్రిప్ట్ దగ్గర నేను పడిన అవస్థ

ఇన్‌స్ట్రక్షనల్ టెక్నాలజీలో, అంటే సాంకేతిక సాధనాల సాయంతో బోధనను తీర్చిదిద్దే విద్యలో, గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోసం నేను చేసిన దరఖాస్తుకు ఎట్టకేలకు అంగీకారపత్రం వచ్చింది. సీటు వచ్చిన సంతోషం ఉన్నా దాన్ని మించిన కోపం ఇంకా చల్లారలేదు. అది చల్లారకముందే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ సర్టిఫికెట్ మాస్టర్స్ డిగ్రీ కన్నా చిన్నది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇది సాధారణంగా 12 నుంచి 18 క్రెడిట్ల చదువు, అంటే నాలుగు నుంచి ఆరు కోర్సులు. డిగ్రీ పూర్తయినవారు అర్హులు. చాలాచోట్ల ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో చదివే వీలుంటుంది కనుక నాలాంటి ఉపాధ్యాయులు, సంస్థల్లో శిక్షణ ఇచ్చేవారు ఎక్కువగా చేరుతుంటారు. నేను దరఖాస్తు చేసినచోట జీఆర్ఈ ప్రవేశ పరీక్ష అడగలేదు. ఫారం నింపి రుసుము చెల్లించడం ఒక సాయంత్రంలో ముగిసింది. సిఫారసు లేఖలు రాయమని అడిగిన ఇద్దరూ గడువుకు ముందే రాసి పంపారు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ చదువు ఎందుకు కావాలో చెబుతూ దరఖాస్తుతో పంపే వ్యాసం, దాని గురించి ఒక మాట చెప్పాలి. తమకు ఏయే సాఫ్ట్‌వేర్లు వచ్చునో, ఏయే ఎల్‌ఎంఎస్‌ల (ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు నడిపే వ్యవస్థల) మీద పనిచేశారో వరసగా పేర్చి అదే అర్హత అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఈ రంగానికి బోధనలోని చిక్కు ముఖ్యం, సాధనం ఆ తర్వాతి సంగతి. రికార్డు చేసిన పాఠాన్ని ఆసాంతం చూసిన విద్యార్థులు కూడా అదే పద్ధతిలో ఉన్న లెక్కను చేయలేకపోవడం, నేను ఆ పాఠాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క చివర ఒక ప్రశ్న పెట్టడం, ఆ తర్వాత వారి జవాబుల్లో కనిపించిన తేడా, ఈ మూడింటి గురించే నేను రాశాను. ఆ వ్యాసం బాగుందని విభాగం కోఆర్డినేటర్ గారు ప్రత్యేకంగా మెయిల్ రాశారు కనుక ఈ విషయంలో సలహా చెప్పే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను.

ఇక ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కళాశాల ఇచ్చే అధికారిక మార్కుల పత్రం. దరఖాస్తుదారుల పేజీలో రిజిస్ట్రార్ సీలు వేసిన కవరులో పంపాలని ఉంది. తరచూ అడిగే ప్రశ్నల పేజీలో, పరిశీలన దశలో స్కాన్ చేసిన ప్రతి చాలునని ఉంది. గ్రాడ్యుయేట్ స్కూలు పేజీలో ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌క్రిప్టులు మాత్రమే స్వీకరిస్తామని ఉంది. ఇందులో సర్టిఫికెట్ అభ్యర్థులకు వర్తించే నియమం ఏదో మూడింటిలో ఏ పేజీ చెప్పదు. నేను చదివిన కళాశాలకు ఎలక్ట్రానిక్ పద్ధతి లేదు. అందువల్ల స్కాన్ ప్రతిని అప్‌లోడ్ చేసి, అతికించిన అంచు మీద సంతకమూ ముద్రా ఉన్న కవరును కొరియర్‌లో పంపించాను. కవరు చేరిందని, ఒకరు సంతకం చేసి తీసుకున్నారని కొరియర్ సంస్థ సమాచారం ఇచ్చింది. అయినా నా ఖాతాలో ‘అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ అందలేదు’ అన్న వాక్యం చెక్కుచెదరలేదు.

మెయిల్ రాస్తే, మీ ఖాతాలోని జాబితాను చూసుకోగలరు అని యంత్రం జవాబిచ్చింది. ఫోన్ చేస్తే అడ్మిషన్ కార్యాలయం వారు విభాగాన్ని అడగమన్నారు, విభాగం వారు అడ్మిషన్ కార్యాలయాన్నే అడగమన్నారు, మళ్లీ అక్కడికే చేస్తే సర్టిఫికెట్ విద్యార్థులు డిగ్రీ విద్యార్థుల లెక్కలోకి రారని, వారి కాగితాలు వేరే బల్ల మీద ఉంటాయని తేల్చారు. ఆ వేరే బల్ల దగ్గర ఉన్నావిడ వెతికి కాగితం దొరికిందన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, “మీరు తెరిచిన కవరు పంపితే దాన్ని అధికారికమని మేమెలా అంటాం?” అని చిన్నపిల్లలను మందలించే గొంతుతో అడిగారు. ఆ విశ్వవిద్యాలయంలో తపాలా అంతటినీ ముందు ఒక గదిలో తెరిచి, స్కాన్ చేసి, ఆ తర్వాతే కార్యాలయాలకు పంపుతారట. సీలు తీసింది వాళ్ల మనుషులే, సీలు లేదన్న నింద మాత్రం నాకు. ఏళ్ల తరబడి పిల్లల మార్కుల జాబితాల మీద సంతకం పెడుతున్న నన్ను, సొంత మార్కులు దిద్దుకుని పంపిన మనిషిని చూసినట్టు మాట్లాడుతుంటే నాకు జవాబు పెగల్లేదు.

కోపం కన్నా వింతగా తోచిన సంగతి మరొకటి ఉంది. అనవసరమైన వెతుకులాట నేర్చుకునేవారి బుద్ధి మీద భారం మోపుతుందని విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988 నుంచీ చెబుతూనే ఉన్నారు. ఒకదానితో ఒకటి కలిపి చదవాల్సిన సమాచారాన్ని ఒకేచోట ఉంచాలని మరో విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ సూత్రం. పని చేసినవాడికి ఆ పని సరిగ్గా జరిగిందో లేదో వెంటనే తెలియజేయడం అదే రంగానికి చెందిన రాబర్ట్ గాన్యే చెప్పిన తొమ్మిది బోధనా ఘట్టాల్లో ఒకటి. ఇవన్నీ ఈ రంగంలో ఓనమాలు. వీటిని నేర్పే విభాగం ఉన్న విశ్వవిద్యాలయమే ఒక్క కాగితం ఎలా పంపాలో చెప్పడానికి మూడు పేజీల్లో మూడు నియమాలు పెట్టింది, అందిన కాగితాన్ని అందలేదని చూపించింది. పాఠాలను దశలవారీగా రూపొందించే ఏడీడీఐఈ నమూనాలో మొదటి మెట్టు విశ్లేషణ. దరఖాస్తుదారు ఎక్కడ తికమకపడతాడో ఆ కార్యాలయంలో ఒక్కరైనా ఆలోచించి ఉంటే నాకు ఈ రాత తప్పేది.

చివరకు నన్ను ఒడ్డున పడేసినది ఒక ఫొటో. కొరియర్‌కు ఇచ్చేముందు కవరు రెండువైపులా, సీలు స్పష్టంగా కనిపించేలా ఫోన్‌లో తీసి పెట్టుకున్నాను. దాన్ని, చేరినట్టు కొరియర్ ఇచ్చిన రుజువునూ కోఆర్డినేటర్ గారికి పంపితే, ఆమె అడ్మిషన్ కార్యాలయానికి ఒక్క మెయిల్ రాశారు. ఆ సాయంత్రానికే నా జాబితాలో ‘అందినది’ అని మారింది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

కనుక సీలు వేసిన కవరు ఫొటో తీయకుండా పంపకండి. కళాశాల నుంచి ఒకేసారి రెండు కవర్లు తీసుకుని ఒకటి తెరవకుండా దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి రుజువు ఉండదు, కాబట్టి దరఖాస్తు సంఖ్య వేసి మెయిల్ రాయండి. అదీ అడ్మిషన్ కార్యాలయానికి కాక విభాగం కోఆర్డినేటర్‌కు రాయండి. వేరే దేశంలో డిగ్రీ చేసినవారిని కొన్ని విశ్వవిద్యాలయాలు కోర్సులవారీ మదింపు నివేదిక (ఆ డిగ్రీలోని ఒక్కో కోర్సు అమెరికా లెక్కలో దేనికి సమానమో చెప్పే పత్రం) కూడా అడుగుతాయి. అది మీకు అవసరమా కాదా అన్నది రుసుము కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

సర్టిఫికెట్ తర్వాత మాస్టర్స్ చేయాలనుకునేవారు మరొక సంగతి గమనించాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ క్రెడిట్లను మాస్టర్స్‌లో కలుపుకోవచ్చు, కానీ దానికి మళ్లీ విడిగా దరఖాస్తు చేయాలి, క్రెడిట్లకు కాలపరిమితి కూడా ఉండవచ్చు. ఏ కోర్సులు కలుస్తాయో, ఎన్నేళ్లలోపు చేరాలో చెప్పమని చేరకముందే కోఆర్డినేటర్ గారిని అడిగాను. జవాబు మెయిల్‌లో వచ్చింది. దాన్ని అచ్చు తీయించి ఫైల్లో పెట్టుకున్నాను.