జుజ్దాన్‌లో కథల పుస్తకం

మా ఇంట్లో మాటలు ఉర్దూలో, బడి చదువు తెలుగులో, ఖురాన్ అరబ్బీలో. వరంగల్ మండీబజార్ చుట్టుపక్కల మాలాంటి ఇళ్లు బోలెడు. ఇన్ని భాషల మధ్య పిల్లలు ఎటూ కాకుండా పోతారేమోనని మా అత్తమ్మకు ఎప్పుడూ టెన్షనే. నా బెంగ వేరు. బడిలో చదివేది మార్కులకు, మౌల్వీసాబ్ దగ్గర చదివేది పుణ్యానికి అని రెండు ఖాతాలు రాసుకుంటారేమోనని.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మిగిలిన ముక్కలతో ఖురాన్‌కు తొడిగే గుడ్డ సంచులు, అదే జుజ్దాన్‌లు కుట్టి ఇస్తుంటాను. ఐదో తరగతి చదివే మావాడు ఒకరోజు బడి నుంచి తెచ్చుకున్న కథల పుస్తకం నా మిషను మీద పెట్టి "అమ్మీ, దీనికీ ఒకటి కుట్టు" అన్నాడు. నీలం పాప్లిన్ ముక్క తీసి, అంచు మడిచి, నాడా ఎక్కించి ఇచ్చాను. అత్తమ్మ కళ్లద్దాలు పైకి తోసి "రెండూ ఒకటేనా?" అంది. ఒకటి కాదులే అమ్మీజాన్, ఖురాన్ పై అరలోనే ఉంటుంది, ఇది కింది అరలో అన్నాను. అప్పటి నుంచి ఆ పుస్తకం మంచం కింద దొరకలేదు. చదువు, చదువు అని నేను మొత్తుకున్నన్నాళ్లు జరగని పని నాడా ముడితో జరిగింది.

వాళ్ల నాన్న చెప్పిన బద్ర్ కథ కూడా వాడికి బాగా పట్టింది. ప్రవక్త కాలంలో, 624లో జరిగిన ఆ యుద్ధంలో ముస్లింలకు పట్టుబడ్డ మక్కా ఖైదీల్లో డబ్బు కట్టలేనివాళ్లు, చదువు వచ్చినవాళ్లయితే, మదీనా పిల్లలు పదిమందికి రాయడం నేర్పితే చాలు, విడుదల. "మనతో కొట్లాడినోళ్లే సార్లా?" అని నోరు తెరిచాడు. చదువు చెప్పినంతసేపూ ఉస్తాదే కదా అన్నారు ఆయన.

తొమ్మిదో తరగతి అమ్మాయికి కథలు చాలవు, అర్థం కావాలి. మగ్రిబ్, అంటే పొద్దుగూకిన నమాజు, తర్వాత అరబ్బీలో చదివిన ఆయత్‌లకు (వాక్యాలకు) తెలుగు తాత్పర్యం చూసుకుంటుంది. ఖురాన్‌ను మొదట తెలుగు చేసినవాళ్లలో చిలుకూరి నారాయణరావు గారనే పండితుడు ఉన్నారని, అదీ దాదాపు వందేళ్ల కిందటేనని చెబితే నమ్మలేదు. ఉచ్చారణ తప్పకూడదనే పట్టింపు నాకూ ఉంది. కానీ అర్థం అడిగిన పిల్లను "ముందు సిపారా (ఖురాన్ భాగం) పూర్తి చెయ్" అని కసురుకోవడం నాకు నచ్చదు.

ఇక సేవ. జకాత్ అంటే దాచిన సొమ్ములో నలభైలో ఒక వంతు దానం, రంజాన్ దానం ఫిత్రా పండగ నమాజుకు ముందే ఇచ్చెయ్యాలి. ఇవి పిల్లలకు లెక్కల్లాగే తొందరగా వచ్చేశాయి. రాంది మనిషి పక్కన కూర్చునే ఓపిక.

అది ఎదురింటి అవ్వ దగ్గర వచ్చింది. అన్నారం దర్గా మొక్కుతో ఇంట్లోవాళ్లకు అక్కడి యాకూబ్ బాబా పేరు పెట్టుకున్న హిందూ ఇల్లు వాళ్లది, ఈ పక్క అలాంటి పేర్లు మామూలే. అవ్వకు చదువు రాదు. ఎంజీఎం ఆసుపత్రిలో ఇచ్చిన మందులు ఏ పూటవో కలగాపులగం అవుతుంటే మా అమ్మాయి చీటీ చదివి, మందుల కవర్ల మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చందమామను గీసింది. అనుమానం వచ్చిన చోట తానే ఊహించకుండా మందుల షాపతన్ని అడిగి వచ్చింది. అది నాకు మార్కుల కన్నా నచ్చింది. ఇప్పుడు పింఛను కాగితాలూ కరెంటు బిల్లులూ పట్టుకుని వాడకట్టులో ఇంకొందరు వస్తున్నారు. తమ్ముడికి కుళ్లు. అవ్వకు పేపరు వాడు చదువుతాడట. హెడ్డింగులే చదువుతాడు, అదీ అరుస్తూ. అవ్వ మాత్రం "మంచిగ సదువుతున్నడు బిడ్డ" అని సంక్రాంతికి సకినాలన్నీ వాడి చేతికే ఇచ్చింది.

సెలవుల్లో హనుమకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం చూపించాను. నిజాం కాలంలో తెలుగు పుస్తకాల కోసం పెద్దలు పెట్టుకున్న గ్రంథాలయం అంటే అమ్మాయి బీరువాల ముందు నుంచి కదల్లేదు. వాడు మాత్రం సమోసాల కోసం నా కొంగు లాగుతూనే ఉన్నాడు.

ఈ వేసవికి అమ్మాయి నానీ (అమ్మమ్మ) దగ్గర ఉర్దూ చదవడం నేర్చుకుంటుందట. ఖాయిదా, అంటే అరబ్బీ అక్షరాల తొలి పుస్తకం, వచ్చు కాబట్టి అక్షరాలు చాలావరకు తెలిసినవే. అరబ్బీలో లేని ప, చ, ట, గ లాంటివి కొత్తగా పట్టుకోవాలి. నానీ ఒప్పుకుంది, ఫీజు కింద రోజుకో పాన్ కావాలట. దాని మీద మా ఆయనకూ మా అమ్మకూ ఇంకా బేరం తెగలేదు.