దోమలపెంట దిగుడు, దోమలపెంట ఎక్కుడు

ఈగలపెంట, మార్గశిర మాసం, బుధవారం రాత్రి.

అచ్చంపేట నుంచి ఇవాళ తొక్కుకుంటూ వచ్చిన దారిని నోటు పుస్తకంలో ఎక్కిస్తుంటే, కిలోమీటర్ల గడి నిండడానికి నిమిషం కూడా పట్టలేదు గానీ, దాని పక్కన ‘ఎక్కుడు’, ‘నీళ్లు’ అని గీసుకున్న రెండు గడులతోనే రాత్రి భోజనం వేళ అయింది. హైదరాబాదు–శ్రీశైలం 765వ జాతీయ రహదారి మీద కారులో పోయేవారికి మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఒకటే అడవి. సైకిలు మీద పోయేవారికి మాత్రం అవి మూడు వేర్వేరు దారులు: రంగాపూర్ దాటాక మన్ననూరుకు ఎక్కించే ఘాటు ఒకటి, ఆ పైన అమ్రాబాద్ పీఠభూమి మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలతో సాగే పొడవైన నడిమి భాగం ఒకటి, దోమలపెంట తర్వాత మలుపులు తిరుగుతూ కృష్ణ లోయలోకి జారే చివరి భాగం ఒకటి. లోయ దారికి పథకం వేసుకునేటప్పుడు ముందుగా నదిని గుర్తుపెట్టుకోవాలని నా గట్టి నమ్మకం. మొత్తం దారిలో అన్నిటికంటే పల్లం అదే. అక్కడికి దిగినవారు ఏ ఒడ్డుకు పోవాలన్నా మళ్లీ ఎక్కాల్సిందే.

వారం మధ్యలో సెలవు పెట్టి మరీ వచ్చాను. శని, ఆదివారాల్లో ఈ దారి నిండా కార్లే ఉంటాయి. కార్తీక మాసంలో అయితే వారమంతా అంతే. ఇప్పుడు కార్తీకం వెళ్లిపోయింది, వానలు ఆగాయి, చలి మొదలైంది, వాగుల్లో ఇంకా కాస్త తడి మిగిలి ఉంది. మోదుగులు పూసే రోజుల్లో అడవి ఇంకా అందంగా ఉంటుందన్న మాట నిజమే గానీ, అప్పటికి ఎండ ముదురుతుంది, టేకు చెట్లు ఆకు రాల్చి నీడ లేకుండా చేస్తాయి. సైకిలు యాత్రకు నేను మార్గశిర పుష్య మాసాలనే ఎంచుకుంటాను.

తెల్లవారుజామున చీకటిలోనే అచ్చంపేట వదిలాను. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని చెప్పుకునే ఉమామహేశ్వరం కొండ దగ్గర్లోకి వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. ఘాటులో ముందు 34 పళ్లు, వెనుక 34 పళ్లు ఉన్న గేరులో పడ్డాను. ఆ గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒకే చుట్టు తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు ముందుకు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. నడకకు కొంచెమే పైన ఉండే ఆ వేగంలో ఊపిరి చెదరకుండా, మాట్లాడగలిగేంత నిదానంగా ఎక్కడమే ఘాటుకు తగిన పద్ధతి. బలం ఉంది కదా అని పెద్ద గేరులో మొదటి మలుపులు లాగేసేవారిని చూశాను. వారి మోకాళ్లు మన్ననూరులోనే మొరాయిస్తాయి, అసలు దారి అంతా ఆ తర్వాతనే ఉంటుంది.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అడవిలోకి వదలరు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్డు ఇది, రాత్రి వేళ రోడ్డు మీద హక్కు జంతువులదే కావాలి. ఆ నియమం సైకిలువాడికి మేలే చేస్తుంది, ఎందుకంటే చీకటి పడేలోగా ఎక్కడ ఆగాలో పొద్దున్నే తేల్చుకోక తప్పదు. నాకైతే ఆగే చోటు ముందే ఖాయమైంది. మా బావ ఎడమ గట్టు జలవిద్యుత్ కేంద్రంలో పనిచేస్తున్నాడు, అక్కావాళ్ల క్వార్టర్ దోమలపెంట దగ్గర్లోని ఈ ఈగలపెంటలోనే ఉంది.

ఫరహాబాద్ దాటాక వటవర్లపల్లి దాకా నల్లమద్ది చెట్ల కింద తొక్కడం ఈ దారిలో నాకు ఇష్టమైన భాగం. ఇంజను చప్పుడు లేనప్పుడు ఎండుటాకుల మీద ఏది నడిచినా వినిపిస్తుంది. ఒకచోట పది, పన్నెండు దుప్పులు రోడ్డు దాటుతుంటే కాలు నేలకు ఆనించి, చివరిది దాటేవరకు నిలబడ్డాను. కోతుల సంగతే బాధ కలిగిస్తుంది. కార్లలోంచి అరటిపండ్లు, బిస్కట్లు విసిరేవారి వల్ల అవి అడవిలో మేత వెతుక్కోవడం మానేసి తెల్లగీత మీదే కూర్చుంటున్నాయి, చక్రాల కింద పడుతున్నాయి. పుణ్యమనుకుని చేసే ఆ పని హింసేనని భక్తులకు నచ్చజెప్పాల్సిన అవసరం ఎంతైనా ఉంది. సైకిలు మీద పోయేవారు తిండి వస్తువులను మూతపడే సంచిలో, కంటికి కనబడకుండా పెట్టుకోవాలి. వాటి ముందు ఆగి సంచి విప్పకూడదు.

వటవర్లపల్లిలో చాయ్ తాగి, రెండు సీసాల నీళ్లు నింపుకున్నాను. హోటలాయన సైకిలుకున్న సంచులు చూసి, “శ్రీశైలం దాకనా సార్? గిప్పుడైతే ఎండ లేదు గని, డ్యాం కాడికెల్లి పైకెక్కేటప్పుడు జర నీళ్లు మస్తుగ పెట్టుకోండ్రి” అన్నాడు. ఆ మాటను నోటు పుస్తకంలో ‘నీళ్లు’ గడిలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగాలన్నది నేను పాటించే లెక్క. చెమట ఎక్కువ పోసే ఎక్కుడులో అందులో కాస్త ఉప్పు, చక్కెర కలుపుకుంటాను.

దోమలపెంటలో సంచులు దించి, ఖాళీ సైకిలుతో లోయలోకి దిగాలని చాలామంది సలహా ఇస్తారు. నేను కావాలనే బరువుతో దిగాను, ఎందుకంటే ముందు ముందు ఈ నదిని దాటి సున్నిపెంట మీదుగా అవతలి ఘాటు ఎక్కే యాత్రకు ఇదే పరీక్ష. నేనూ సైకిలూ సంచులూ కలిసి సుమారు వంద కిలోలు. ప్రతి వంద మీటర్ల ఎత్తు దిగినప్పుడల్లా 98 కిలోజౌళ్ల శక్తిని ఎక్కడో ఖర్చు పెట్టాలి. గాలి కొంత తీసుకున్నా, మిగిలినదంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. మొత్తం బ్రేకుల్లోకే పోతే అది పావు లీటరు చల్లటి నీళ్లను మరిగించగల వేడి. అందుకే దారి పొడవునా బ్రేకు నొక్కి పట్టుకోకుండా, మలుపుకు ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేసి, చక్రానికి గాలి తగలనివ్వాలి. మలుపుల్లో ఎదురుగా బస్సు మొత్తం రోడ్డును ఆక్రమించి తిరుగుతుందని ముందే అనుకుని ఎడమ అంచున ఉండాలి.

శ్రీశైలం ఆనకట్ట కింది వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. ఆనకట్ట పొడవు 512 మీటర్లు, 12 గేట్లు, అన్నీ మూసి ఉన్నాయి. దిగువన బండల నడుమ మడుగులు మడుగులుగా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక పుట్టిలో ఇద్దరు జాలర్లు, మొగుడూ పెళ్లాలు కాబోలు. ఆమె ఒకే తెడ్డును ముందువైపు అటూ ఇటూ తిప్పుతూ గుండ్రటి పుట్టిని తిరగనీయకుండా తిన్నగా నడిపిస్తుంటే, అతను మోకాళ్ల మీద కూర్చుని వల మూర మూర పైకి లాగుతూ, చిక్కిన చేపలను వేలితో విడదీసి బుట్టలో వేస్తున్నాడు. వెదురు అల్లిక మీద పరిచిన తారు పట్టా నీళ్లలో నల్లగా మెరిసింది. గేట్లు ఎత్తినప్పుడు ఈ వంతెన మీద నిలబడడానికి చోటుండదు. నది బతుకును ఇంత దగ్గరగా చూడాలంటే గేట్లు మూసిన రోజుల్లోనే రావాలి.

తిరిగి దోమలపెంట ఎక్కడం దిగినదానికి ఎన్నో రెట్లు సమయం తీసుకుంది. రాతి గోడలు మధ్యాహ్నపు వేడిని దాచుకుని వదులుతుంటాయి కాబట్టి శీతకాలంలో కూడా ఇక్కడ చెమట ఆరదు. మలుపు మలుపుకూ కాకుండా, నీడ ఉన్న చోటే ఆగుతూ ఎక్కాను. రెండో సీసా పైకి చేరేలోగా ఖాళీ అయింది, హోటలాయన లెక్క సరిపోయింది.

ఈ అడవి మీదుగా ఎత్తైన వంతెన రోడ్డు వేయాలన్న ప్రతిపాదన గురించి రాత్రి బావతో మాట్లాడాను. జంతువులకు మేలు జరిగితే దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. కార్లు పైకి పోయిన నాడు నేల మీది పాత రోడ్డును మూసేయకుండా పగటిపూట చెంచు పెంటల (గూడేల) వారికి, కాలినడక భక్తులకు, సైకిళ్లకు ఉంచాలన్నదే నా కోరిక. బావకు అది కుదిరే పనిలా తోచలేదు. “ఫారెస్టోళ్లు ఒప్పుకోవాలె గద, బామ్మర్దీ” అన్నాడు. అక్క మాత్రం అమ్రాబాద్, పదర మీదుగా మద్దిమడుగు ఆంజనేయస్వామి గుడికి ఎప్పుడు పోతావని అడిగింది. అది కూడా కృష్ణ వైపే దిగే దారి, లారీలూ బస్సులూ తక్కువ. సంక్రాంతి సెలవుల్లో పోదామనుకుంటున్నాను, దేవరకొండ నుంచి డిండి మీదుగా వచ్చే మిత్రులను మన్ననూరులో కలుపుకోవచ్చు.

వెనుక బ్రేకు రబ్బర్లు గీత దాకా అరిగాయి, ఇప్పుడే మార్చాను. రేపు దోమలపెంట చెక్‌పోస్టు ఆరింటికి తెరవగానే బయలుదేరితే, ఎండ నడినెత్తికి రాకముందే వటవర్లపల్లి చేరతాను.