కంపెనీ స్పార్క్ ప్లగ్గులు ఎన్నాళ్లు ఆడతాయి?

ఇంజిన్‌లో పెట్రోలుని నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గులు లక్ష కిలోమీటర్లు ఆడతాయని మాన్యువల్‌లో ఉందని నిశ్చింతగా కూర్చోకండి. గచ్చిబౌలి, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో నలిగే స్పోర్ట్స్ కారుకి మీటరు చూపే అంకె సగం నిజమే.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ప్లగ్గు ఒకసారి స్పార్కు కొడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 2,000 ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ చుట్లు) గంటకు 100 వేగంతో పోతుంటే కిలోమీటరుకి 600 స్పార్కులు. ఊళ్లో సగటున 1,200 ఆర్‌పీఎంతో గంటకు 15 కిలోమీటర్లే కదిలితే కిలోమీటరుకి 2,400. నాలుగింతలు! పైగా ప్లగ్గు మొన దాదాపు 450 డిగ్రీలు దాటితే గానీ దాని మీది మసి కాలదు. ఐడిల్‌లో అంత వేడెక్కడిది?

కాబట్టి మా లెక్క ఇదీ. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) లేని ఇంజిన్‌లో ఇరిడియం మొన ఉన్న ప్లగ్గులైతే 80 వేల కిలోమీటర్లకి మార్చేయండి. టర్బో ఉంటే 50 వేలు. రీమ్యాప్ చేసి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచిన బండికి 25 వేలు చాలు. మామూలు నికెల్ ప్లగ్గులు 30 వేలు దాటనివ్వద్దు. బండి తిరగకుండా షెడ్డులోనే ఉన్నా నాలుగైదేళ్లకోసారి విప్పాలి, లేకపోతే అల్యూమినియం హెడ్‌లో మరలు పట్టేస్తాయి.

అరిగిన ప్లగ్గు ముందు దొరికిపోయేది లోడు మీదే. నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. బండి తడబడితే అనుమానించాల్సిందే. బూస్ట్ వల్ల గాలి చిక్కబడుతుంది, మొనలు అరిగి వాటి మధ్య గ్యాప్ పెరిగి ఉంటుంది, స్పార్కు దాన్ని దూకడానికి కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పంపేది) ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. పాత ప్లగ్గులు ఉంచి కాయిల్ ఒక్కటే మారిస్తే కొత్త కాయిలూ అలాగే పోతుంది. స్కానర్‌లో పీ0302 (రెండో సిలిండర్‌లో మిస్సింగ్, అంటే పెట్రోలు సరిగా కాలడం లేదనే కోడ్) వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి మార్చి చూడండి. కోడ్ పీ0303 అయితే తప్పు కాయిల్‌ది. అక్కడే ఉండిపోతే ముందు ప్లగ్గు విప్పండి. మిస్సింగ్‌తోనే నెలల తరబడి తిప్పితే కాలని పెట్రోలు పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. ఆ బిల్లు ముందు ప్లగ్గుల ఖర్చు ఏపాటిది?

మార్చేటప్పుడు ఇంజిన్ చల్లారి ఉండాలి. ప్లగ్గు విప్పకముందే అది కూర్చున్న గుంటలోని దుమ్ము గాలి కొట్టి ఊదేయాలి, మన ఊరి దుమ్ము సిలిండర్‌లో పడితే అంతే సంగతులు. కొత్తదాన్ని ముందు చేత్తోనే తిప్పాలి, బిగుసుకుంటే వెనక్కి తీయాలి. తర్వాత టార్క్ రెంచ్: వాషర్ ఉండి, మర 14 మిల్లీమీటర్లున్న ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12కి 15 నుంచి 20. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. మరలకి గ్రీజు పూయొద్దు, జారుడు వల్ల అదే టార్క్‌కి ఎక్కువ బిగిసి మరలు చెడతాయి. ఇరిడియం మొన అర మిల్లీమీటరు మందం, గ్యాప్ చూడ్డానికి నాణెం లాంటి గేజ్ దూర్చి తిప్పితే విరుగుతుంది. సన్నని తీగ గేజే వాడాలి.

హీట్ రేంజ్ (ప్లగ్గు మొన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె) దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన, బాష్ కంపెనీ వాటిలో సరిగ్గా తిరగేసి.

విప్పిన ప్లగ్గు తెల్ల పింగాణీ మీద, లోహం అంచుకి ఆనుకుని గోధుమరంగు మరక కనిపిస్తే మెకానిక్ ‘గ్యాస్ లీకు’ అనొచ్చు. చాలాసార్లు అది కరోనా అనే విద్యుత్ మెరుపు వల్ల వచ్చే మరకే. అధిక వోల్టేజీకి గాలిలోని నూనె తుంపర్లు అతుక్కుని ఏర్పడుతుంది, దానికోసం ప్లగ్గు పారేయక్కర్లేదు.