సొంతంగా చేసిన అల్యూమినియం గ్లాసు, దాన్ని కడిగిన తీరు

మజ్జిగ తాగడానికని 6061 రకం అల్యూమినియం కడ్డీని లేత్ మీద తొలిచి ఒక గ్లాసు తయారుచేసుకున్నాను. చేతికి నున్నగా తగిలినంత మాత్రాన అది నోటికి పనికిరాదు. కోతకు వాడిన నూనె, మెరుగుకు రాసిన పేస్టు, సన్నని లోహపు రజను గీతల్లో ఇరుక్కునే ఉంటాయి. అందువల్ల గిన్నెలు తోమే సబ్బు కలిపిన వేడినీళ్లతో, మెత్తటి బ్రష్షుతో, ముఖ్యంగా అడుగూ అంచూ కలిసే మూలలో, తెల్లగుడ్డకు జిడ్డు అంటనంతవరకు మళ్లీ మళ్లీ కడిగాను. చాకలిసోడాను మాత్రం దగ్గరికి రానివ్వలేదు, ఎందుకంటే క్షారం అల్యూమినియాన్నే తినేస్తుంది. ఆ తర్వాత మంచినీళ్లు పోసి మరిగిస్తే లోపల నల్లబడింది; మొదట కంగారుపడ్డాను గానీ, అది నీటిలోని లవణాల వల్ల వచ్చే మార్పు, హానికరం కాదు.

అసలు భయపడవలసింది లోహం గురించే. 2011 అనే నంబరు గల అల్యూమినియం మిశ్రమంలో కోత సులువు కావడానికి సీసం కలుపుతారు. ఊరూపేరూ తెలియని తుక్కును కరిగించి పోతపోసినా అదే ప్రమాదం ఉంది, దాన్ని ఎంత కడిగినా పోదు.

ఇంతా చేసి, అందులో మజ్జిగ తాగడం లేదు. లోహాన్ని కాపాడే ఆక్సైడు పొర సుమారు 4.5 నుంచి 8.5 వరకు ఉన్న పీహెచ్‌లోనే (పులుపునూ క్షారాన్నీ కొలిచే అంకె) నిలకడగా ఉంటుంది, పుల్లటి మజ్జిగకూ నిమ్మరసానికీ అది కరుగుతుంది. కనుక ఆ గ్లాసులో ప్రస్తుతం మంచినీళ్లే తాగుతున్నాను, మజ్జిగకు పాత స్టీలు గ్లాసే దిక్కయింది.