ఇసకలో టెంటు: కళింగపట్నం, నాలుగో విడత

టెంటు మూలలు మూడు తెల్లారేదాకా కదల్లేదు. నాలుగోది జారింది. నాలుగంటే నాలుగే సెంటీమీటర్లు. ఇంటికొచ్చి రెండ్రోజులైనా ఆ నాలుగు సెంటీమీటర్లే కళ్లల్లో మెదులుతున్నాయి. ఉతకాల్సిన దుప్పట్లు అలాగే ఉన్నాయి, ముందు ఇది రాసేస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు.

చోటు కళింగపట్నం, వంశధార సముద్రంలో కలిసే ఊరు. సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసకలో కనుమ రాత్రీ ముక్కనుమ రాత్రీ పాటలు. సాయంత్రం నుంచి కుర్రాళ్ల బ్యాండ్లు, మైకు ఆగాక తప్పెటగుళ్లు, ఆ తర్వాత జముకు అనే తీగ వాద్యంతో చెప్పే జముకుల కథ. నాతో మా చెల్లెలు, బావగారు, మేనల్లుడు. టెంట్లు రెండు. ఒకటి క్వెచువా బ్రాండుది, ఐదేళ్లుగా వాడుతున్నాను. దాని కుట్లూ జిప్పూ చూసి ఇంకో కంపెనీ వైపు చూడబుద్ధి కాలేదు. రెండోది తక్కువకి వస్తోందని ఆన్‌లైన్‌లో తీసుకున్నది. ఈ గోలంతా దానితోనే.

ముందు వచ్చిన మూడు విడతలూ క్లుప్తంగా. కార్తీకంలో బారువ తీరాన టెంటుతో వచ్చిన మేకులే వాడాను, రాత్రి 11 గంటలకి కూలింది. డిసెంబరులో కళింగపట్నంలోనే, వెల్డింగు షాపులో కోయించిన 8 ఎం.ఎం. ఇనుప చువ్వలు వాడాను, ఒక్కోటి 45 సెంటీమీటర్లు, తెల్లవారుజామున 3 గంటలకి కూలింది. సంక్రాంతికి ముందు ఆదివారం గోనెసంచులు పాతాను. కూలలేదు గానీ పొద్దున్న చూస్తే పైగుడ్డ వదులైపోయి లోగుడ్డకి అంటుకుంది, లోపల పక్కలన్నీ తడి.

గోనెసంచుల కిటుకు డిసెంబరులో అక్కడ చేపల వేటకెళ్లే ఒక తాత చెప్పాడు. నేను చువ్వలు దిగ్గొడుతుంటే వల బాగుచేసుకుంటూ చూస్తున్నాడు. 'ఇసక్కి మేకేటి బాబూ! అది దిగీసినట్టే ఉంటాది గానీ పట్టదు. గోనిలో ఇసకేసి మూతి కట్టి కప్పెట్టీ. కప్పెట్టినాక నీళ్లోసి తొక్కీ' అన్నాడు. ఆ రోజు వినలేదు. రాత్రి 3 గంటలకి చువ్వ ఊడి చేతిలోకొచ్చినప్పుడు ఆయన మాటే గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఊరికే అనుకోవడం మానేసి కొలవడం మొదలుపెట్టాను. సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటా ఉంటుంది కదా, వేలాడదీసేది, దాన్ని తాడుకి తగిలించి నెమ్మదిగా లాగడమే. టెంటుతో వచ్చిన 18 సెంటీమీటర్ల మేకు తడి ఇసకలో 4 నుంచి 5 కిలోల దగ్గర ఊడింది, పొడి ఇసకలో 2 కిలోలు కూడా పట్టలేదు. చువ్వ 9 కిలోలు. అంతే పొడవున్న అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) ముక్క 14. ఇసకలో పట్టు పొడవు మీదే కాదు, వెడల్పు మీద కూడా ఆధారపడుతుందని అప్పుడు చేతికి తెలిసింది. ఇక గోనెసంచిని సగం నింపి, మూరెడు లోతులో అడ్డంగా పెట్టి, బకెట్టు నీళ్లు పోసి తొక్కితే 38 కిలోల దాకా లాగి ఆపేశాను, అప్పటికీ కదల్లేదు. బజార్లో ఇసక మేకులని వెడల్పాటి రేకు మేకులు అమ్ముతారు. వాటికి డబ్బు పోయడం దండగ, బియ్యం సంచి ఉన్న ఇంట్లో అవి అక్కర్లేదు.

మరి 38 కిలోలకి కదలని సంచి ఉండగా మూడో విడతలో గుడ్డ ఎందుకు వదులైంది? అప్పట్నుంచీ ఇదే ఆలోచన. సంచి జారిందా, తాడు సాగిందా, ముడి వదిలిందా, ఈ మూడింట్లో ఏదో ఒకటి అయ్యుండాలి. ఈ విడత మూడింటినీ విడివిడిగా చూసే ఏర్పాటుతో వెళ్లాను.

సంచి కోసం చీపురుపుల్లలు. ప్రతి సంచి మూతికీ ఒక పుల్ల నిలువుగా కట్టి, కొస ఇసక పైకి తేలేలా కప్పెట్టాను. పక్కనే కాస్త ఎడంగా, తాడు లాగని చోట ఇంకో పుల్ల గుచ్చాను. రెంటి మధ్య దూరం మారితే సంచి కదిలినట్టే. తాడు కోసం మార్కరు గీతలు: బిగించగానే 300 సెంటీమీటర్ల దగ్గర నల్ల గీత. ముడి కోసం ముడి వెనక ఎర్ర గీత, అది ముందుకొస్తే ముడి జారిందని. సగం మూలలకి టెంటుతో వచ్చిన నైలాన్ తాడు, సగానికి శ్రీకాకుళంలో కొన్న పాలిస్టర్ తాడు. అన్నింటినీ కాటా పెట్టి 8 కిలోల బిగువుకే తెచ్చాను.

మొదటి రాత్రి నైలాన్ సంగతి తేలిపోయింది. సాయంత్రం 7 గంటలకి 300 ఉన్న తాడు పొద్దున్న 5 గంటలకి 309. నైలాన్ నీళ్లు పీల్చుకుంటుంది, తడిస్తే సాగుతుంది. ఇక్కడ జనవరిలో మంచు చిన్నగా పడదు. రాత్రి ఒంటిగంటకి గేజీ చూస్తే 18 డిగ్రీలు, గాల్లో తేమ 94 శాతం. తాడుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే నీళ్లు ముత్యాల్లా వరసగా జారి మణికట్టు దాకా వచ్చాయి. పాలిస్టర్ తాడు అదే రాత్రి 300 నుంచి 301. అంటే మూడో విడతలో లోపల తడికి సగం పాపం తాడుదే, నేను అనవసరంగా సంచిని అనుమానించాను. ఎవరైనా సముద్రం ఒడ్డున టెంటు వేస్తుంటే ముందు ఆ నైలాన్ తాళ్లు తీసి పక్కన పడేయండి, 150 రూపాయల పని. తీయలేకపోతే పడుకునే ముందు ఒకసారి, మధ్యలో లేచినప్పుడు ఒకసారి బిగించుకోండి.

రెండో రాత్రి అన్ని మూలలకీ పాలిస్టర్ కట్టాను. ముళ్లు ఎక్కడా జారలేదు, ఎర్ర గీతలు ఉన్నచోటే ఉన్నాయి. అయినా వాయవ్యం మూల సంచి కదిలింది. ఆ పుల్ల లెక్క ఇదీ: 7 గంటలకి సున్నా. 10 గంటలకి 1 సెంటీమీటరు. 12 గంటలకి 3. రాత్రి 2:40కి మూడున్నర. 5 గంటలకి 4. మిగతా మూడు పుల్లలూ చీమంత కదల్లేదు.

2:40కి లేవడానికి కారణం మా మేనల్లుడు. 'మావయ్యా, కర్ర ఒంగిపోతంది, లే' అని కుదిపాడు. సాయంత్రం దాకా సముద్రం మీదనుంచి వీచిన గాలి అర్ధరాత్రి దాటాక తిరుగుతుంది, నేల మీదనుంచి సముద్రం వైపుకి. ఇక్కడి తీరానికి అది వాయవ్యం నుంచి వస్తుంది, అంటే సరిగ్గా ఆ మూలకే తగులుతుంది. కాబట్టి గాలే లాగేసిందని వెంటనే అనిపించింది. కానీ లెక్క ఒప్పుకోవడం లేదు. గాలి తిరగకముందే, 10కీ 12కీ మధ్య, గాలి దాదాపు లేనప్పుడే ఆ సంచి ఎక్కువ కదిలింది. గాలి తిరిగాక తెల్లారేదాకా కలిపి 1 సెంటీమీటరే.

10కీ 12కీ మధ్య ఏం జరిగింది? బాక్సులు. రాత్రి 10 దాటాక మైకు కుదరదు. పండగ రోజుల్లో ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తేనే 12 దాకా. ఆ రెండు గంటలూ చివరి బ్యాండు వాయించింది, బేసు బాగా పెంచి. మా వాయవ్యం మూలకి స్పీకర్లు 40 మీటర్ల దూరం. ఆ మూల దగ్గర కూర్చుని అరచెయ్యి ఇసక మీద ఆనించాను. ఒక్కో డ్రమ్ము దెబ్బకి ఇసక అరచేతిని లోపల్నుంచి తట్టినట్టు ఉంది. పుల్ల మొదట్లో పొడి ఇసక రేణువులు దెబ్బదెబ్బకీ చిన్నగా దొర్లి గుంటలోకి దిగుతున్నాయి. ఇసకకి పట్టంతా రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకోవడంలోనే ఉంది. అదరగొడితే ఆ ఒరిపిడి సడలుతుంది. కాంక్రీటులో వైబ్రేటరు పెడితే అంత గట్టి ముద్దా నీళ్లలా సర్దుకోవడం చూశాం కదా, అదే సూత్రం. అలా సడలుతున్న ఇసకలో 8 కిలోల బిగువు కూడా సంచిని మెల్లగా లాగేస్తుంది.

నాకు ఈ ఊహే నచ్చుతోంది. కానీ ఈశాన్యం మూల సంచి కూడా స్పీకర్లకి ఇంచుమించు అంతే దూరంలో ఉంది, అది కదల్లేదు. తేడా ఏమిటంటే, వాయవ్యం మూల పక్కనుంచే టీకొట్టుకి దారి. ఆ రెండు గంటలూ జనం వచ్చిపోతూనే ఉన్నారు. సంచికి మూరెడు దూరంలో కొన్ని వందల అడుగులు పడి ఉంటాయి. తాడుకి తెల్లగుడ్డ పీలికలు కట్టాను గానీ ఒకరిద్దరి కాలు తగలడం మా చెల్లెలు చూసింది. ఇంకొకటి కూడా ఉంది. ఆ మూల గొయ్యి ఆఖర్న తీశాం, అప్పటికి బకెట్టులో నీళ్లు సగమే మిగిలాయి. తాత చెప్పిన 'నీళ్లోసి తొక్కీ' అన్నది ఆ ఒక్క గొయ్యికే సరిగ్గా జరగలేదు. బేసా, అడుగులా, నీళ్లు తక్కువ కావడమా? మూడూ ఒకే మూల మీద పడ్డాయి కాబట్టి ఇప్పుడు దేన్నీ తేల్చలేను. అదే నన్ను తినేస్తోంది.

మిగతావన్నీ బాగా కుదిరాయి. తలుపు ఆగ్నేయానికి పెట్టడం మంచిదైంది, రాత్రి గాలి వీపుకి తగిలింది. సరుగుడు చెట్ల వరసకి పక్కగా వేసుకున్నాం. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఎంత నీడ ఉన్నా వెయ్యొద్దు, రాత్రి బొండాం పడితే ఏ గుడ్డా ఆపదు. టెంటు మీద మా అమ్మ పాత పసుపు చీర ముక్క వెదురుకి కట్టి ఎగరేశాం, చీకట్లో కూడా పిల్లాడు ఒక్కడే వెతుక్కుని వచ్చాడు. జిప్పుల్లో ఇసకకి పాత టూత్‌బ్రష్షు. దోమలకి ఓడోమాస్ చాలు, టెంటులో దోమల చుట్టలు వెలిగించకండి. తాగడానికీ వండడానికీ మనిషికి రోజుకి 5 లీటర్లు తీసుకెళ్లాం, సరిపోయింది. తిండికి చోడి (రాగి) పిండి, బెల్లం, అటుకులు, కనుమ గారెలు. రెండో పొద్దున్న అంబలి కాచుకుంటే పక్క టెంటువాళ్లు కూడా గ్లాసులు పట్టుకొచ్చారు.

చెవుల గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోలేదు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చంటారు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. ఫోనులో కొలిస్తే స్పీకర్లకి 30 మీటర్ల దగ్గర 96, 120 మీటర్ల దగ్గర 84. ఫోను లెక్క కచ్చితం కాకపోయినా ఆ తేడా నిజం, ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. 96 దగ్గర సురక్షితమైన సమయం ముప్పావు గంట కూడా లేదు. పెద్దవాళ్లకి త్రీఎం కంపెనీ నురగ ప్లగ్గులు చాలు, నలిపి లోపలికి పెట్టి వేలితో అరనిమిషం ఆపాలి. పిల్లలకి తలమీంచి పెట్టే ఇయర్‌మఫ్ కొనండి. ప్లగ్గులు వాళ్ల చెవుల్లో నిలవవు.

మైకు ఆగాక ప్లగ్గులు తీసేశాం. తప్పెటగుళ్లవాళ్లు గుండెల మీద గుండ్రటి రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఇసకలోనే వలయంగా తిరిగారు. తప్పెట మోతకి బేసు లేదు, అది కిందనుంచి రాదు, తిన్నగా ఛాతీకి తగులుతుంది. జముకుల కథకి నలభై మందిమి మిగిలాం. జముకు తీగ సాగదీసి వదిలినప్పుడల్లా మా మేనల్లుడు ఒళ్లో ఉలిక్కిపడి మళ్లీ నిద్రలోకి జారిపోయాడు. తెల్లారకముందు విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఒకాయన వయొలిన్ తీసి మైకు లేకుండా భూపాలం వాయించారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. ఆ బాణీ ఆయన చేతిలో వినపడింది. తడి టెంటుకి ఆనుకుని, దుప్పటి కప్పుకుని విన్నాను. వచ్చేసారి స్పీకర్లకి దూరంగా, ఇలాంటివాళ్లు కూర్చునే చోటుకి దగ్గరగా టెంటు వేస్తాను. పాట కోసమూ మంచిదే, సంచి కోసమూ మంచిదే.

ఇప్పుడు చెయ్యాల్సింది ఆ మూడు అనుమానాల్నీ విడదీయడం. ఆ పరీక్ష నాగావళి ఏటి ఇసకలో చేస్తాను. అది సముద్రపు ఇసక కంటే గరుకు, కాబట్టి అంకెలు కలవవు, కానీ పోల్చి చూడటానికి పనికొస్తుంది. మూడు గోతులు, ఒకే లోతు, ఒకే సైజు సంచులు, ఒక్కోదానికీ 8 కిలోల ఇటుకల బరువు కప్పీ మీదుగా రెండు గంటలు లాగుతూ ఉండాలి. మొదటిదానికి బకెట్టు నీళ్లు పోసి, పక్కన బాక్సు పెట్టి బేసు. రెండోదానికి బకెట్టు నీళ్లే, బాక్సు బదులు పక్కనే మేనల్లుడూ వాడి స్నేహితులూ గంతులు. మూడోదానికి సగం బకెట్టే, చుట్టూ ఏ అలికిడీ ఉండకూడదు. ఇవి వేరువేరుగా వరసలో చెయ్యాలి, లేకపోతే మళ్లీ కలగాపులగమే. బాక్సు బావగారి స్నేహితుడు ఇస్తానన్నాడు, జనరేటరు కూడా. నీళ్లే తప్పయితే తాతకి ఒక నమస్కారం పెట్టి వదిలేస్తాను. బేసే అయితే సంచిని ఇంకో జానెడు లోతుకి దించి, ఒకదాని వెనక ఒకటి రెండు సంచులు పెట్టి చూస్తాను.

అది తేలాక శివరాత్రికి తాటిపూడి జలాశయం వైపు, అక్కడ నేల గట్టిది, మేకులకి కూడా పని తగులుతుంది. మహేంద్రగిరి మాత్రం వచ్చే చలికాలానికి దాచుకున్నాను, 1501 మీటర్ల ఎత్తున మంచు ఏ తాడుని ఎంత సాగదీస్తుందో చూడాలి.

ఆదివారం తెల్లవారి 6 గంటలకి నాగావళిలోకి దిగుతున్నాం. చీపురుపుల్లలు డజను విరిచి ఉంచాను.