మార్చి 5, 2025, బుధవారం, హ్యూస్టన్

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎనిమిదింటికి టీవీ పెడితే అమెరికా కాంగ్రెస్ ముందు ట్రంప్ ప్రసంగం గంటా నలభై నిమిషాలు సాగింది, అన్నం కంచాలు ఒళ్లో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాం. మొదట్లోనే మా హ్యూస్టన్ ఎంపీ ఆల్ గ్రీన్, 77 ఏళ్ల మనిషి, చేతికర్ర ఊపుతూ లేచి పేదలకి ప్రభుత్వమిచ్చే వైద్యబీమా మెడికెయిడ్‌లో కోత పెట్టే హక్కు నీకు లేదని అరిచాడు, ఆయన్ని బయటికి పంపేశారు. సగం సభ నిలబడి చప్పట్లు, సగం సభ 'అబద్ధం' అని రాసిన అట్టలు పట్టుకుని కూర్చుంది. బ్రెయిన్ క్యాన్సర్ ఉన్న 13 ఏళ్ల పిల్లాడిని నిలబెట్టినప్పుడు కూడా చాలామంది డెమొక్రాట్లు లేవలేదు. అది నాకస్సలు నచ్చలేదు, వాడేం చేశాడు పాపం.

పొద్దున్నే గుంటూరు నుంచి అమ్మ ఫోన్. "ఏరా, ఇండియా పేరెత్తాడంటగా, మీకేం కాదుగా?" కార్ల మీద మనవాళ్లు వేసే సుంకాల గురించిలేమ్మా, ఏప్రిల్ 2 నుంచి వాళ్లూ వేస్తారట అని చెప్పాను. అసలు టెన్షన్ అది కాదని చెప్పలేదు.

చెత్తడబ్బా బయట పెడుతుంటే పక్కింటి పెద్దాయన కనిపించాడు. పోయిన జూలైలో బెరిల్ తుపానుకి ఐదు రోజులు కరెంటు లేకపోతే, కంచె మీంచి ఆరెంజ్ రంగు వైరు లాగి తన జనరేటర్‌తో మా ఫ్రిజ్ నడిపిన మనిషి. నిన్నటి ప్రసంగం అద్భుతం అన్నాడు, వెంటనే మా ఆవిడ ఎలా ఉంది, డెలివరీ ఎప్పుడు అని అడిగాడు. జూన్ అన్నాను. ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాణ్ణి, ఇవాళ నోరు ఆగలేదు. ఇక్కడ పుట్టినా కొందరు పిల్లలకి పౌరసత్వం ఇవ్వొద్దని జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు మా బిడ్డ గురించేనండీ, కోర్టులు ఆపబట్టి సరిపోయింది అన్నాను. ఆయన డబ్బా పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయి, "అది మీలాంటి వాళ్ల కోసం కాదు" అన్నాడు. నిజంగానే అలా నమ్ముతున్నాడు, మొహం చూస్తే తెలిసింది, నాకు కోపం కంటే దిగులే ఎక్కువ వేసింది.

సాయంత్రం ఆ ఉత్తర్వు ప్రింట్ తీశాను. తల్లి చట్టప్రకారమే ఉన్నా తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, పుట్టే బిడ్డకి పౌరసత్వం రాదని స్పష్టంగా ఉంది. మా ఆవిడది హెచ్4, అంటే నా భార్యగా వచ్చిన వీసా, నాది హెచ్1బీ ఉద్యోగ వీసా, రెండూ తాత్కాలికమే. ఆ లైను కింద పెన్నుతో గీత గీశాను. రేపు పొద్దున్నే ఇస్తాను ఆయనకి.